కదలుబొమ్మల రెండు త్రోవలు

హైదరాబాదునకు రైలులో వచ్చువారికి నాంపల్లి స్టేషను పరిచితమైనదే. 1907లో కట్టబడిన ఆ స్టేషనునుండి వెలువడి కొంతదూరము నడచినచో ఆబిడ్స్ కూడలి చేరుదుము. ఆరవ నిజాముగారి కొలువున నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అనునతడు పెట్టిన దుకాణమువలన ఆ తావునకు ఆ పేరు వచ్చినది. పిమ్మట ఆ దుకాణపుచోటనే ప్యాలెస్ టాకీస్ అను సినిమాశాల వెలసినది.

కొన్ని యేండ్లక్రిందట నేనీ త్రోవను ఒక వీడియోక్యాసెట్టు చేతబట్టుకొని నడచితిని. 1992లో మా యూరి పెండ్లియందు మా తండ్రిగారు ముందు నిలిచి ఆడించిన కోలాటము అందున్నది. వారు కదలుచుండగా తీసిన బొమ్మ మాకదియొక్కటియే. వారి సంవత్సరికమునకు ఆ కోలాటమును, మా మనుమడు సెల్‌ఫోనుతో తీసిన నేటి కోలాటమును ఒక్క చిత్రముగా కూర్పింపవలెనని నా కోరిక. నాంపల్లి సందులలో ఒక ఎడిటింగుదుకాణమున పని అప్పగించితిని.

వారము తరువాత చూడగా, ఫోనుతో తీసిన భాగము చక్కగానే యున్నది. మా తండ్రిగారి భాగమున మాత్రము, కోల విసరినప్పుడెల్ల చేయి దువ్వెనపళ్ళవలె చీలిపోవుచున్నది. ఆ మాట చెప్పగా కుఱ్ఱవాడు మరునాటికి సవరించితినని చూపెను. పళ్ళు పోయినవి, వానితోపాటు ఆటలోని ఒడుపును పోయినది. కోలలు జారిపడుచున్నట్లు కదలినవి. "ఇక పాత క్యాసెట్టుతో పనిలేదు, పారవేయవచ్చును" అని అతడనెను. నేను దానిని జేబున పెట్టుకొని వచ్చితిని. ఆ కుఱ్ఱవాడు సోమరికాడు, మోసగాడును కాడు. రెండు త్రోవలు కలియుచోట దారి తెలియక తడబడినాడు. ఆ త్రోవలు ఎట్లు పుట్టినవో తెలిసినగాని ఈ చిక్కు విడదు.

మొదటి త్రోవ సినిమాది. ఇందు ప్రతిబొమ్మయు ఒక్క క్షణమున నిండుగా తీయబడును. దీనిని నేటి పనివారు ప్రోగ్రెసివ్ అందురు; మనము నిండుబొమ్మ యందము. 1922లో ధీరేంద్రనాథ్ గంగూలీ హైదరాబాదునకు వచ్చి లోటస్ ఫిల్ము కంపెనీ స్థాపించిననాడు చిత్రములు మూగవి. కెమెరా పిడిని చేతితో త్రిప్పుటచే వేగము ఒక్కతీరున నుండెడిది కాదు. మాట వచ్చిన పిమ్మట వేగము నిలుకడగా నుండవలసి, సెకండునకు 24 బొమ్మలని ఏర్పడెను. ఫిల్ము నడచిన కాలమున సినిమాశాలలో ఒక్కొక్క బొమ్మకు వెలుగును రెండుమార్లు విడిచెడివారు. అందుచేత కన్నులకు తెర అదరినట్లు తోచెడిది కాదు.

రెండవ త్రోవ టెలివిజనుది. ఇందు బొమ్మను గీతలుగా కోసి ఒకదానివెంట నొకటిగా గాలిలో పంపవలెను. సెకండునకు 25 బొమ్మలు మాత్రమే పంపిన తెర అదరును. 50 నిండుబొమ్మలు పంపుదమన్న గాలిలో రెండింతల చోటు కావలెను. దీనికి జర్మనీలో ఫ్రిట్జ్ ష్రోటర్ 1930లోను, అమెరికాలో రాండల్ బల్లార్డు 1932లోను ఒక ఉపాయము కనుగొనిరి. సాలు విడిచి సాలు దున్నినట్లు, మొదట బేసిగీతలను పంపి, పిదప సరిగీతలను పంపుట ఆ యుపాయము. పంపునది అరబొమ్మలే, అయినను సెకండునకు 50 మార్లు తెర వెలుగును. దీనికే ఇంటర్లేస్డు అని పేరు.

ఈ రెండును లండనునగరమున ఒక్క కప్పుక్రింద పోటీపడినవి. 1936 నవంబరులో బి.బి.సి. వారు అలెగ్జాండ్రా ప్యాలెసునుండి ప్రసారములు మొదలిడి, ఒక వారము బెయిర్డు గారి 240 గీతల నిండుబొమ్మలను, మరువారము మార్కోనీ-ఇ.ఎమ్.ఐ. వారి 405 గీతల అరబొమ్మలను పంపిరి. 1937 ఫిబ్రవరిలో బెయిర్డు పద్ధతిని విడిచిరి. అరబొమ్మయే గెలిచినది.

మన దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ఆరంభమైనది. మనము అనుసరించిన పద్ధతిలో బొమ్మకు 625 గీతలు. సెకండునకు 25 బొమ్మలు, అనగా 50 అరబొమ్మలు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వఱకు అమెరికావారి ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములందలి 2400 గ్రామములకు బొమ్మలు వచ్చినవి. అందు మన రాష్ట్రపు పల్లెలును కలవు. మీలో కొందఱు బడిముంగిట చాపమీద కూర్చుండి చూచియేయుందురు. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శను కేంద్రము ఆరంభమైనది.

టెలివిజనులో సినిమా చూపుటకు 24 బొమ్మల ఫిల్మును 25 వేగమున నడపెడివారు. రెండున్నర గంటల చిత్రము ఆరు నిమిషములు ముందే ముగియును. చూచువారు గమనించుట అరుదు. ఒక్క ఫిల్ముబొమ్మనుండియే రెండు అరబొమ్మలు తీయుదురు. రెండును ఒక్క క్షణమునకు చెందినవి గనుక, కలిపిన నిండుబొమ్మయే మరల వచ్చును. అనగా నిండుబొమ్మ అరబొమ్మల బండిలో క్షేమముగ ప్రయాణము చేయగలదు.

ఎదురుప్రయాణమునందే అపాయమున్నది. పెండ్లిండ్లలో క్యాసెట్టుమీద తీసిన కెమెరా అరబొమ్మలనే తీసెడిది. ఒక అరబొమ్మకు, తరువాతి దానికి సెకండులో ఏబదవవంతు ఎడముండును. ఆలోపల కోల జానెడు దూరము కదలవచ్చును. పాత గాజుతెర టెలివిజను ఈ రెంటిని ఒకదానివెనుక నొకటి చూపుటచే తప్పు కనబడలేదు. కంప్యూటరు రెంటిని ఒక్క క్షణమునవిగా భావించి అల్లివేసినచో, బేసిగీతలలో కోల ఒకచోట, సరిగీతలలో మరియొకచోట నుండును. నేను చూచిన దువ్వెనపళ్ళు అవియే. కుఱ్ఱవాడు వానిని తొలగించుటకు ప్రతిజంటలో ఒక అరబొమ్మను పారవేసెను. దానితో కదలికలో సగము, గీతలలో సగము పోయినవి.

తుదకు ఆబిడ్స్‌లో ఒక ముసలి పనివాడు నా క్యాసెట్టును సరిచేసెను. ప్రతి అరబొమ్మకును నడుమ కొరవడిన గీతలను, ఇరుగుపొరుగు గీతలను, ముందువెనుకల అరబొమ్మలను చూచి పూరించి, సెకండునకు 50 నిండుబొమ్మలు చేసెను. ఆ పిమ్మటనే బొమ్మను పెద్దది చేసెను. ముందే పెద్దది చేసినచో పళ్ళు ఒకదానిలో నొకటి కలిసిపోయి ఎన్నటికిని విడవని చెప్పెను. ఏ అరబొమ్మ ముందో, ఏది వెనుకో మొదటనే విచారించుకొనెను. ఆ వరుస తప్పినచో మనిషి ముందుకు రెండడుగులు, వెనుకకొకయడుగు వేసినట్లుండును. ఫోనుబొమ్మలు సెకండునకు 30 గలవి. అవి మాత్రము కొంచెము తొట్రుపడినవి. తీయుటకుముందే ఫోనును 25కో 50కో అమర్చిన ఆ లోపమును ఉండదనెను.

నాడు తెరమీద మా తండ్రిగారు కోల విసరగా, అది ఎదుటివాని కోలను తాకు క్షణమును స్పష్టముగ చూచితిని. మొదటి దుకాణపు మాట విని క్యాసెట్టును పారవైచియుండినచో ఆ క్షణము మరల దొరకెడిది కాదు.

కావున పెద్దలారా, మీ యిండ్లలో పెండ్లిక్యాసెట్టులు, భజనల క్యాసెట్టులు ఉన్నచో చెమ్మ తగులనిచోట భద్రపరచుడు. ప్రతి తీయించునప్పుడు అరబొమ్మలను అరబొమ్మలుగానే ఉంచి తీయుమని చెప్పుడు. కూర్పు ఎంత చక్కగా వచ్చినను మూలమును మాత్రము విడువకుడు. నేటి పనివాడు తప్పుచేసినను, మూలమున్నచో రేపటి పనివాడు దిద్దగలడు.