రెండు ప్రతులు కలిస్తేనే

స్వర్ణోత్సవ సంచికకి "చరిత్ర వ్యాసం ఒకటి రాయరా" అని మా బ్యాచ్ మిత్రుడు ఫోన్ చేస్తే, సోషల్‌లో నాకొచ్చే మార్కులు వీడు మరిచిపోయాడా అనుకున్నాను. అయినా నాకు బాగా తెలిసిన చరిత్ర ఒకటుంది. అది వీడియో గేమ్ డిస్కులది.

1999లో మేం పదో తరగతి. మా క్లాసువాడి అన్నయ్య అమెరికా నుంచి ప్లేస్టేషన్ తెచ్చాడు. సోనీ దాన్ని జపాన్‌లో విడుదల చేసింది 1994 డిసెంబరు 3న. మా ఊరు చేరేసరికి అయిదేళ్లు పట్టిందన్నమాట! దాంతోపాటు వచ్చిన కారు పందెం ఆట రిడ్జ్ రేసర్. ఆట మొత్తం ఒకసారి మెమరీలోకి ఎక్కాక, డిస్కు తీసేసి ఏ పాటల సీడీ పెట్టినా పందెం ఆగేది కాదు, ఆ పాటలే మోగేవి. అలా చిరంజీవి పాటలు పెట్టుకుని రేసులాడినవాళ్లం మేం. మిగతా ఆటలన్నీ బజారులో కొన్న నకళ్లే, దాచడమెందుకు.

ఆ అన్నయ్య ఇప్పుడు లేడు. మూడేళ్ల కిందట మా వాడు ఇల్లు ఖాళీ చేస్తూ డిస్కుల డబ్బా నా చేతిలో పెట్టి, "పారెయ్యాలో ఉంచాలో నువ్వే చూడరా" అన్నాడు.

డిస్కులోని ప్రతి బిట్‌నూ వరుస తప్పకుండా ఒక ఫైలులోకి ఎత్తుకోవడాన్ని డిస్క్ ఇమేజ్ తీయడం అంటారు. తీయడం తేలికే. తీసింది సరైనదని తేల్చడమే కష్టం. అందుకు ఫైలు మొత్తానికీ ఒక గుర్తు లెక్కగడతారు. ఎస్‌హెచ్‌ఏ-1 పద్ధతిలో అది 40 అక్షరాలు. ఫైలులో ఒక్క బిట్ మారినా గుర్తు పూర్తిగా మారిపోతుంది. రీడంప్ అనే ఔత్సాహికుల బృందం వేలాది ఆటల గుర్తులను జాబితా కట్టింది. వేర్వేరు మనుషులు వేర్వేరు డిస్కుల నుంచి తీసినవి కలిస్తేనే వాళ్లు ధ్రువపరుస్తారు.

డబ్బాలో ఒకే ఆటకి రెండు నకళ్లున్నాయి. రెండింటి గుర్తూ అక్షరం పొల్లుపోకుండా కలిసింది. తెగ సంబరపడ్డాను. తీరా ఆడి చూస్తే రెండింట్లోనూ మధ్యలో రావలసిన సినిమా దృశ్యాలు లేవు. చోటు చాలక ఎవరో కోసేశారు!

అప్పుడు మా తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. బ్రౌన్ దొర వేమన పద్యాల రాతప్రతులు ఎన్నో సేకరించి, పండితుల సాయంతో పోల్చి చూసి 1829లో అచ్చువేయించిన సంగతి చెబుతూ, "రెండు ప్రతుల్లో ఒకటే తప్పుంటే అది ఒప్పయిపోతుందట్రా? రెండూ ఒకే తల్లి ప్రతి చూసి రాసినవేమో!" అనేవారు. ఆ రోజు వెనక బెంచీలో నవ్వుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆటలకి ఇంత తతంగమా అని మీరు అనుకోవచ్చు. 2002 నాటి కింగ్‌డమ్ హార్ట్స్ ఆటను 2013లో మెరుగుపరిచి విడుదల చేసే ముందు, తయారుచేసినవాళ్ల దగ్గరే అసలు ఫైళ్లు చాలావరకు లేకపోయాయి. జనానికి అమ్మిన ఆటనే తవ్వి తీసుకోవలసి వచ్చింది. అమెరికాలో వచ్చిన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తేల్చింది.

ఇక అన్నయ్య తెచ్చిన రిడ్జ్ రేసర్. ఆట ఉన్న మొదటి ట్రాక్ జాబితాతో కలిసింది. పాటల ట్రాకులు ఒక్కటీ కలవలేదు. డిస్కు పాడైందనే అనుకున్నాను. కారణం వేరు. ఆట ఉన్న భాగంలో 2,352 బైట్ల ముక్క ప్రతిదానికీ సొంత చిరునామా ఉంటుంది. పాటలకి అంత కచ్చితమైన చిరునామా లేదు కనుక, ఒక్కో డ్రైవు ఒక్కోలా కాస్త ముందో వెనకో చదవడం మొదలెడుతుంది. చెవికి తేడా తెలియదు, గుర్తు మాత్రం మారిపోతుంది. నా డ్రైవు తేడా ఎంతో చూసి సరిచేశాక అన్నీ కలిశాయి, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ గీత పడిన చోటు. పదో తరగతి సెలవుల్లో డిస్కు జారవిడిచింది నేనే, ఆ సంగతి ఇన్నాళ్లూ మా వాడికి చెప్పలేదు. సరైన ప్రతి లోకంలో భద్రంగానే ఉంది. అయినా దాన్ని తెచ్చి ఇందులో అతికించడానికి మనసొప్పలేదు. గీతతో వచ్చిన ఫైలునే ఉంచి, "ఈ ట్రాక్ జాబితాతో కలవలేదు" అని పక్కన రాసి, రెండు హార్డ్ డిస్కుల్లో దాచాను. ఒకటి మా వాడి దగ్గరే ఉంది.