గొంగళి నుండి మోటారు వఱకు: ‘లిమో’ పదచరిత్ర

ధనవంతులును, రాజకీయ ప్రముఖులును, చలనచిత్ర తారలును తిరుగు పొడవైన విలాసపు కారును ఆంగ్లమున ‘లిమోజిన్’ అందురు. అమెరికా ప్రజలు నోటి సౌలభ్యమునకై దానిని ‘లిమో’ అని కుదించిరి. పెండ్లికి అద్దెకు తెచ్చిన బండి మాటలలో ‘లిమో’యే, గంభీరమైన వ్రాతలో మాత్రము ‘లిమోజిన్’. అందుచేతనే నిఘంటువులు ‘లిమో’ను వ్యావహారిక రూపమని గుర్తించుచున్నవి.

ఇంతటి వైభవము గల ఈ పదము పుట్టినది పేదవాని భుజముమీదనే. ఫ్రాన్సు నడిమి భాగమున లిమూజాఁ అను సీమ కలదు. దాని ముఖ్యపట్టణము లిమోజ్. పూర్వము లెమోవికులను గాల్ జాతివారు నివసించుటచే ఆ సీమకు ఆ పేరు వచ్చెను. అచ్చటి బండ్లవారును, పసులకాపరులును చలికిని వానకును కప్పుకొను మోటు ఉన్ని అంగీకి సీమ పేరిట ‘లిమూజీన్’ అను పేరు కలిగెను. మన గొల్లల గొంగళి వంటిదే యది.

ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఫ్రాన్సులో ఒక విధమగు కారు వెలసెను. అందు ప్రయాణికులకు మూసిన గదియు, చోదకునకు దాని ముందు వెలుపలి ఆసనమును ఉండెడివి. ఆ కారునకు ఈ అంగీ పేరే వచ్చెను. కారు కప్పు అంగీ ముసుగును బోలుటచేత నని కొందఱు, చోదకులు అట్టి అంగీ ధరించుటచేత నని కొందఱు చెప్పుదురు. ఏది నిజమైనను, వానలో తడియువాని వస్త్రము పేరు వాన సోకనివాని వాహనమునకు సంక్రమించెను.

పదప్రయాణ మంతటితో ముగియలేదు. జర్మను భాషలో ఆ పదము సామాన్యమైన మూతకారునకు వర్తించును. జపానులో విమానాశ్రయమునకు జనులను చేర్చు బస్సులకు ‘లిమోజిన్ బస్సు’ లని పేరు.

ఈ ‘బస్సు’ కూడ కుదించిన మాటయే. లాటిన్ భాషలో ‘ఓమ్నిబుస్’ అనగా ‘అందఱకును’ అని అర్థము. 1829లో లండనున జార్జి షిల్లిబీర్ నడిపిన గుఱ్ఱపుబండికి ‘ఓమ్నిబస్’ అనియే పేరు. జనులు తల విడిచి తోకను మాత్రము నిలుపుకొనిరి. తెలుగువారు దానికి ఉకారము చేర్చుకొనిరి. ‘లిమోజిన్’కు తల మిగిలెను, తోక తెగెను.

పదములకు రూపమిచ్చునది పండితులు మాత్రమే కాదు, వాడుకొను జనులు. కాపరి కప్పుకొన్న మాటను ధనికుడు ఎక్కి తిరిగెను; దానినే మరల సామాన్యుడు టిక్కెట్టు కొని యెక్కుచున్నాడు. ఏ మాటయు ఒక వర్గమువారి సొత్తు కాదు. నిఘంటువును తెఱచి చూచిన ప్రతి పాఠకునకును ఈ సత్యము గోచరించును.