ఎవరి తొండి వాళ్లకు ముద్దు

బాన్సువాడ నుంచి నేను. ఈ ఎపిసోడ్ ముచ్చట ఫుట్‌బాల్‌లో తొండి గురించి. తొండి అంటే ఏంటో మీకు చెప్పాల్సిన పని లేదు. గోలీలాట నుంచి గల్లీ క్రికెట్ దాకా చిన్నప్పుడు మనం అందరికంటే గట్టిగా అరిచిన మాట అదే.

ముందు రెండు మ్యాచ్‌లు గుర్తు చేస్తా.

2024 జూన్ 11, దోహా. వరల్డ్ కప్ క్వాలిఫయర్. ఖతార్ మీద గెలిస్తే మనం తర్వాతి రౌండ్‌కి పోతాం. 37వ నిమిషంలో ఛాంగ్తే గోల్ కొట్టాడు, 1-0. 73వ నిమిషంలో వాళ్ల హెడర్‌ని గుర్‌ప్రీత్ ఆపాడు. బాల్ గోల్‌పోస్ట్ పక్క నుంచి లైన్ దాటి బయటికి పోయింది. మనోళ్లు ఆగిపోయారు. ఖతార్ ఆటగాడొకడు దాన్ని కాలితో వెనక్కి లాగాడు, ఇంకొకడు గోల్‌లోకి తన్నాడు. రిఫరీ గోల్ ఇచ్చేశాడు. ఆ రౌండ్‌లో వీఏఆర్, అంటే వీడియో చూసి నిర్ణయం సరిదిద్దే పద్ధతి, లేదు. చివరికి 2-1తో ఓడి ఇంటికొచ్చాం. ఖతార్ అప్పటికే తర్వాతి రౌండ్‌కి చేరిపోయింది, ఆ గోల్ వాళ్లకు అంత అవసరం కూడా కాదు. అందుకే ఇంకా మండింది.

రెండోది అంతకు 15 నెలల ముందుది. 2023 మార్చి 3, బెంగళూరు కంఠీరవ స్టేడియం. ఐఎస్ఎల్ నాకౌట్, బెంగళూరు, కేరళ బ్లాస్టర్స్. 90 నిమిషాలకు 0-0. ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంగళూరుకు ఫ్రీ కిక్ దొరికింది. కేరళ గోల్‌కీపర్ ఇంకా గోడ సర్దుకుంటున్నాడు. సునీల్ ఛెత్రీ విజిల్ కోసం ఆగకుండా బాల్‌ని ఖాళీ గోల్‌లోకి ఎత్తేశాడు. గోల్ ఇచ్చారు. కేరళ కోచ్ వుకోమనోవిచ్ తన టీమ్ మొత్తాన్ని గ్రౌండ్ నుంచి బయటికి తీసుకుపోయాడు. తర్వాత కేరళ క్లబ్‌కి 4 కోట్ల జరిమానా, కోచ్‌కి 10 మ్యాచ్‌ల నిషేధం.

రూల్ ప్రకారం ఈ రెండూ ఒకటి కాదు, ముందే ఒప్పుకుంటున్నా. దోహాలో బాల్ బయటికి పోయింది, అది గోలే కాదు. బెంగళూరులో ఛెత్రీ చేసింది రూల్ ఒప్పుకునే పనే. ఎదుటివాళ్లని దూరం జరపమని రిఫరీని అడగకపోతే ఫ్రీ కిక్ వెంటనే కొట్టొచ్చు. నాకు తట్టింది ఆ రెండు రాత్రులూ మా దోస్తులు మాట్లాడిన మాటలు. దోహా అప్పుడు, 'రిఫరీ చూడకపోతే ఏంది, ఆడేటోడికి తెల్వదా, వాడే చెప్పాలె' అన్నారు. బెంగళూరు అప్పుడు అదే నోళ్లు, 'ఆగాలని రూల్ ఎక్కడుంది, కీపర్‌ది నిద్ర' అన్నాయి. ఎదుటోడిని నీతితో కొలుస్తాం, మనోడిని రూల్ బుక్కుతో కొలుస్తాం. ఇది మనొక్కళ్ల జబ్బు కాదు. ఫుట్‌బాల్ పుట్టినప్పటి నుంచీ ఉంది.

ఇంగ్లాండ్‌లో 1882లో కొరింథియన్ అనే క్లబ్ పెట్టారు. అంతా పెద్దింటి చదువుకున్న బాబులు. 1891లో పెనాల్టీ కిక్ రూల్ వస్తే వాళ్లు దాన్ని అవమానంగా తీసుకున్నారు. పెద్దమనిషి కావాలని ఫౌల్ చేస్తాడా అన్నది వాళ్ల వాదన. వాళ్లకు పెనాల్టీ వస్తే కావాలని బయటికి కొట్టేవాళ్లని చెప్తారు. వినడానికి బాగుంది. కానీ డబ్బు తీసుకుని ఆడే మిల్లు కార్మికుడిని వాళ్లు తమతో సమానంగా చూడలేదని కూడా గుర్తుంచుకోండి. కడుపు నిండినోడికి పెనాల్టీ వదిలెయ్యడం సులువు. ఆ మ్యాచ్ గెలిస్తేనే వారం కూలి దొరికేవాడు ఏం చెయ్యాలి?

ఇంకోటి చూడండి. ఆ ఇంగ్లీష్ పద్ధతిలో కింద పడి నాటకమాడితే సిగ్గు, ఎదుటోడి కాలు మీదికి గట్టిగా దూకితే మగతనం. 1966 వరల్డ్ కప్ ఇంగ్లాండ్‌లోనే జరిగింది. బల్గేరియా వాళ్లు, పోర్చుగల్ వాళ్లు పీలేని ఎంత తన్నారంటే, పోర్చుగల్ మ్యాచ్‌లో కుంటుతూనే ఆడాడు. బ్రెజిల్ మొదటి దశలోనే ఇంటికి పోయింది. పసుపు కార్డు, ఎర్ర కార్డు అప్పటికి పుట్టలేదు, 1970లో వచ్చాయి. అదే వరల్డ్ కప్‌లో ఇంగ్లాండ్‌తో మ్యాచ్‌లో అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ని బయటికి పంపారు, ఆయన చాలాసేపు కదలలేదు. మ్యాచ్ తర్వాత ఇంగ్లాండ్ కోచ్ ఆల్ఫ్ రామ్సే మాట్లాడిన తీరు చూసి, మమ్మల్ని జంతువులన్నాడని అర్జెంటీనా మొత్తం భగ్గుమంది. కాళ్లు విరగ్గొడితే ఆట, వాదిస్తే జంతువు అన్నమాట.

ఆ కోపం అక్కడితో చల్లారలేదు. 1982లో ఫాక్‌లాండ్ దీవుల యుద్ధంలో అర్జెంటీనా బ్రిటన్ చేతిలో ఓడింది. నాలుగేళ్లకు, 1986 జూన్ 22న మెక్సికోలో మారడోనా ఇంగ్లాండ్ మీద చేత్తో గోల్ కొట్టాడు. ట్యునీషియా రిఫరీ బిన్ నాసర్‌కి కనపడలేదు, బల్గేరియా లైన్స్‌మన్ జెండా ఎత్తలేదు. తర్వాత ఏళ్ల తరబడి ఆ ఇద్దరూ తప్పు నీదంటే నీదనుకున్నారు. ఇంగ్లాండ్‌లో అది ఇప్పటికీ దొంగతనమే. అర్జెంటీనాలో మాత్రం దానికి ఒక ముద్దుపేరుంది, 'వివేసా క్రియోయా'. మన మాటల్లో గడుసుతనం అనుకోండి. అర్థం కాకపోతే తెనాలి రామకృష్ణుడిని తలుచుకోండి. రాజుని బోల్తా కొట్టించిన కథ వింటే మనం మోసమని తిట్టం, నవ్వుతాం. ఎందుకంటే అవతల ఉన్నవాడు రాజు. అర్జెంటీనా కుర్రోడికి అవతల ఉన్నవాడు ఇంగ్లాండ్. 2022లో ఆ రోజు మారడోనా వేసుకున్న చొక్కా వేలంలో 71 లక్షల పౌండ్లకు పోయింది. బాల్‌ని దాచుకున్న బిన్ నాసర్ కూడా అదే ఏడాది దాన్ని 20 లక్షల పౌండ్లకు అమ్ముకున్నాడు. తొండి చేసిన బాల్‌కి అంత రేటు!

ఇప్పుడు మనం రీల్స్‌లో నవ్వుకునే డైవింగ్ సంగతి. ఇది లాటిన్ దేశాల జబ్బని యూరప్ వాళ్లు చాలాకాలం అన్నారు. నాకు ఆ లెక్క నచ్చదు. డైవింగ్‌కి పేరు మోసిన క్లిన్స్‌మన్ జర్మన్. 1994లో టాటెన్‌హామ్‌లో చేరి మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టి, తన మీద జోకులు వేసేవాళ్లకు జవాబుగా తనే గడ్డి మీద బోర్లా దూకి సంబరం చేసుకున్నాడు. నన్నడిగితే అసలు కారణం రూల్స్‌లో ఉంది. పీలే లాంటి వాళ్లను కాపాడాలని వెనక నుంచి కాళ్ల మీద దూకడాన్ని ఫిఫా 1990ల్లో గట్టిగా కట్టడి చేసింది. 1998 వరల్డ్ కప్ నాటికి దానికి ఎర్ర కార్డే. మంచి పనే. కానీ తన్నినోడికి శిక్ష పెరిగేకొద్దీ, తన్నించుకున్నట్టు పడినోడికి లాభం పెరిగింది. దాంతో 1999లో నటించే వాళ్లకూ పసుపు కార్డు తెచ్చారు. 2002లో టర్కీ ఆటగాడు తన్నిన బాల్ కాలికి తగిలితే రివాల్డో ముఖం పట్టుకుని కూలిపోయాడు. ఎర్ర కార్డు టర్కీ వాడికి, రివాల్డోకి సుమారు 11,500 స్విస్ ఫ్రాంకుల జరిమానా, కప్పు బ్రెజిల్‌కి. చీమ కుట్టినంత శిక్ష. ఒక రూల్ తెస్తే దాని నీడలోనే కొత్త తొండి మొలుస్తుంది.

రూల్‌తో ఆటగాడి అలవాటు మారుతుందన్న సంగతి మన హైదరాబాద్‌లో ఒక పంతులుకి చాలా ముందే తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీమ్. 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు తెలుసు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ కోచ్. ఆ పోలీసు టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. బాల్ పట్టుకుని ఒక్కడే తిరిగే అలవాటు పోవాలని ఆయన డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టాడు. చేతకాని కాలు అలవాటు కావాలని ఆ కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టాడు. ఉపన్యాసం ఇవ్వలేదు, రూల్ మార్చాడు. ఆయన కోచింగ్‌లోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చింది.

ఆ 1962 జకార్తా ఫైనల్ డైవింగ్‌కి పూర్తిగా వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడం మీద మన అధికారి సోంధీ అభ్యంతరం చెప్పడంతో ఊరంతా మన మీద కోపంగా ఉంది. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు, ముందు వరసలో ఆడించాడు. సెమీఫైనల్లో ఒక గోల్, సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫైనల్లో ఒక గోల్. 2-1. రహీమ్‌కి అప్పటికే క్యాన్సర్, 1963 జూన్‌లో పోయాడు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. కానీ జర్నైల్ సింగ్ మెత్తనోడేం కాదు, ఆయన ట్యాకిల్ అంటే ఎదుటోళ్లకు వణుకు. ఆయన నెత్తుటి గురించి చెప్పుకున్నంత, ఆయన ట్యాకిల్ తిన్నవాళ్ల గురించి మనం చెప్పుకోం. అది కూడా ముద్దే కదా.

మరి మన తొండి ఏది? మనకు డైవింగ్ కాదు, వయసు. మన దిక్కు అండర్-14 టోర్నమెంట్లకు పోతే మీసాలొచ్చిన అన్నలు కనిపిస్తారు. ఆధార్‌లో ఒక తేదీ, బడి రిజిస్టర్‌లో ఒక తేదీ, ఇంట్లో అమ్మ చెప్పే తేదీ ఇంకొకటి. నేను చూసిన ఒక మ్యాచ్‌లో రెండు టీమ్‌లకూ తెలుసు, రెండు టీమ్‌లూ నోరు మూసుకున్నాయి, ఎందుకంటే ఇద్దరి దగ్గరా ఉన్నారు. దీన్ని ఎవ్వరూ తొండి అనరు, 'అడ్జస్ట్‌మెంట్' అంటారు. అర్జెంటీనాకు గడుసుతనం ఎట్లనో మనకు ఇది అట్ల.

ఇదేం చిన్న తప్పు కాదు. 1988లో మెక్సికో తన యూత్ టీమ్‌లో వయసు దాటిన వాళ్లను ఆడించి దొరికిపోయింది. ఫిఫా నిషేధం పెడితే 1990 వరల్డ్ కప్‌కి ఆ దేశమే పోలేదు. తప్పుడు తేదీ రాసింది కొందరు పెద్దలు, వరల్డ్ కప్ పోయింది మాత్రం హ్యూగో సాంచెజ్ లాంటి వాళ్లకు. రియల్ మాడ్రిడ్‌లో గోల్స్ మీద గోల్స్ కొడుతున్న రోజులు ఆయనవి. ఇప్పుడు అండర్-17 వరల్డ్ కప్‌లో ఫిఫా మణికట్టుకు ఎంఆర్ఐ తీస్తుంది, మన దగ్గర ఎముక వయసు చూడ్డానికి ఎక్స్‌రే తీస్తారు. అవన్నీ పై మెట్టు మీద. కింద మండల స్థాయిలో చూసేది ఒక జిరాక్స్ కాగితం.

కామారెడ్డి, నిజామాబాద్ దిక్కు పిల్లలు ఫుట్‌బాల్‌లో పైకి రాలేరని కాదు. గుగులోతు సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా నుంచి పోయి దేశానికి ఆడుతోంది. కానీ నిజంగా 13 ఏళ్లున్న పిల్లాడు సెలెక్షన్‌కి వచ్చి, పక్కన 17 ఏళ్లోడి భుజం తగిలి పడిపోతాడు. అది డైవ్ కాదు, నిజంగానే పడ్డాడు. కోచ్ రాసుకునేది 'బలం లేదు' అని. వాడు మరుసటేడు రాడు. ఆ అన్న ఇంకో రెండేళ్లు అండర్-14లోనే ఉంటాడు.