ఎనిమిదిన్నర వేల పౌన్ల గీత

అమెరికాలో బళ్ళు ఎందుకంత పెద్దవని అడిగితే మనవాళ్ళు ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది: "ఇక్కడ రోడ్లూ పెద్దవే, మనుషులూ పెద్దవాళ్ళే కదండీ!" ఆ జవాబుతో నాకు పేచీ ఉంది. కమ్మింగ్‌లో మా ఇంటి ముందు ఒక 1999 షెవర్లే సబర్బన్ 2500 నిలబడి ఉంటుంది. దాన్ని అంత పెద్దది చేసింది మనుషుల ఆకలి కాదు, దాన్ని అదుపు చెయ్యబోయిన చట్టమేనని నా వాదన.

ముందు ఇంజను సంగతి. సిలిండర్లు తొలిచిన ఇనుప దిమ్మని బ్లాక్ అంటారు. షెవర్లే వి-8 ఇంజన్లలో రెండు వంశాలు పేరుపడ్డాయి. 1955లో వచ్చిన చిన్న దిమ్మలో పక్కపక్క సిలిండర్ల నడిబొడ్డుల మధ్య దూరం 4.4 అంగుళాలు. 1965లో వచ్చిన పెద్ద దిమ్మలో 4.84. ఈ కాస్త చోటులోనే సిలిండర్లని వెడల్పు చేసి, ఆపైన పిస్టన్ కదిలే దూరాన్ని పెంచి, 1970కల్లా 454 ఘనపుటంగుళాలకి చేర్చారు. అంటే 7.4 లీటర్లు. మన మారుతి 800 ఇంజను 796 సీసీ. నా బండి బానెట్ కింద తొమ్మిది మారుతులున్నాయన్నమాట, పైన కొసరు కూడా! అలాగని ఇది పరుగుపందెం బండి కాదు. దీని శక్తి 290 గుర్రాలు. ఇవాళ పిల్లల్ని బడికి దింపే వ్యాన్లు కూడా దాదాపు అంత ఇస్తాయి. దీని గొప్పంతా ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు లాగే బలంలో ఉంది. పందెపు గుర్రం కాదు, దుక్కిటెద్దు.

సబర్బన్ పేరు 1935 నాటిది. అర టన్ను ట్రక్కు చట్రం మీద ఇనుప గూడు కట్టి, ఎనిమిదిమంది పట్టేట్టు మూడు వరసల సీట్లు వేశారు. 1973 మోడల్‌కి రెండు వైపులా రెండేసి తలుపులొచ్చాయి, కావాలంటే 454 ఇంజనూ దొరికింది. ఆ ఏడు అక్టోబరులోనే అరబ్బు దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. ముహూర్తమంటే అలా కుదరాలి!

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. చట్టాలు బళ్ళని విడగొట్టింది వాటి సొంత బరువుని బట్టి కాదు. బండీ, మనుషులూ, సామానూ కలిపి ఎంతవరకు మోయవచ్చో తెలిపే గరిష్ఠ బరువుని బట్టి. ఆ అంకె రాసిచ్చేదెవరు? బండి తయారుచేసే కంపెనీయే! 1975 మోడల్ ఏడాదిలో 6,000 పౌన్ల లోపు బళ్ళకి పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్, దానితోపాటు సీసం లేని పెట్రోలు అవసరమయ్యాయి. ఫోర్డ్ వాళ్ళు అప్పుడే ఎఫ్-150 అని కొత్త ట్రక్కు దింపారు. దాని గరిష్ఠ బరువు 6,050 పౌన్లు.

ఇంధనం ఆదా చట్టం 1975 డిసెంబరులో వచ్చింది. కార్లు 1978లో సగటున గాలనుకి 18 మైళ్ళు, 1985కల్లా 27.5 మైళ్ళు ఇవ్వాలన్నారు. ట్రక్కులకి వేరే, తేలికైన లెక్క. అదీ మొదట 6,000 పౌన్ల వరకే. 1980 నుంచి 8,500 వరకు. ఆ పైవాటికి లెక్కే లేదు, 2011 మోడళ్ళ దాకా. మరి నా సబర్బన్ 2500 గరిష్ఠ బరువెంతో తెలుసా? 8,600 పౌన్లు.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి ఇది తెలిసిన తంతే. షరతులో ఒక అంకె పెట్టి చూడండి, కొన్నాళ్ళకి అందరూ దాని అవతలి గట్టున చేరి ఉంటారు. రైతుల కోసం, మేస్త్రీల కోసం, గుర్రాల ట్రైలర్లు లాగేవాళ్ళ కోసం వదిలిన సందు అది. అందులోంచి తోలు సీట్లూ, ముందొకటి వెనకొకటి ఏసీలూ కూడా దర్జాగా నడిచొచ్చాయి. 2003లో మరో వరం. 6,000 పౌన్లు దాటిన బండిని వ్యాపారానికని కొంటే, 1,00,000 డాలర్ల దాకా ఆ ఏడే ఖర్చు కింద రాసుకోవచ్చన్నారు. 2004 అక్టోబరులో దాన్ని 25,000కి కత్తిరించారు లెండి.

మా ఊళ్ళో ఇలాంటి బళ్ళకి పని ఉండేది, ఇప్పటికీ ఉంది. 1950లలో చట్టహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యాము కట్టడంతో లేక్ లేనియర్ ఏర్పడింది. పడవ కొన్నవాడు దాన్ని నీళ్ళదాకా లాక్కెళ్ళాలి, తడి గట్టు మీంచి పైకి లాగాలి. పక్క కౌంటీలోని డాసన్‌విల్ రేసు డ్రైవరు బిల్ ఎలియట్ సొంతూరు. ఈ చుట్టుపక్కల ముసలివాళ్ళకి ఇంజను విప్పడమంటే మనకి కొబ్బరికాయ ఒలవడం లాంటిది. నాకు ఇక్కడ ముందుగా పరిచయమైన పొరుగువాళ్ళు గుళ్ళో కాదు, ఎత్తిపెట్టిన బానెట్ దగ్గర కలిశారు. ఈ 454తో ఒక తంటా ఉంది. వేడికి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టులు పుటుక్కున విరుగుతాయి, ముక్క లోపలే ఉండిపోతుంది. దాన్ని ఓపిగ్గా తొలిచి తీసే పెద్దాయన్ని చూస్తే నాకు విజయవాడ ఆటోనగర్ గుర్తొస్తుంది. పెట్రోలు అంబాసిడర్లకి డీజిలు ఇంజను ఎక్కించిన మన షెడ్డు మేస్త్రీలు ఇలాంటి బండి దొరికితే వదిలేవారా? వాళ్ళు మైలేజీ కోసం ఇంజను మార్చారు. ఇక్కడివాళ్ళు లాగుడు కోసం గేరుబాక్సుకి పెద్ద కూలర్ తగిలిస్తారు, వెనక స్ప్రింగులు బిగిస్తారు. నేను చేయించిన మార్పులూ అవే.

చట్టం పుట్టించినదాన్ని చట్టమే చంపడమూ చూశాం. 2008 జూన్‌లో పెట్రోలు సగటు ధర గాలనుకి 4 డాలర్లు దాటింది. సెప్టెంబరులో తుఫానుల తర్వాత అట్లాంటాలో బంకుల ముందు బారులు. సబర్బన్లు తయారైన జేన్స్‌విల్ ఫ్యాక్టరీలో ఎస్‌యూవీల పని ఆ డిసెంబరు 23న ఆగిపోయింది. బిగ్ బ్లాక్ అయితే 2006 మోడల్‌తోనే సబర్బన్‌ని వదిలేసింది. 2009 వేసవిలో ప్రభుత్వం పాత బళ్ళకి డబ్బిచ్చి, దాదాపు 6,77,000 బళ్ళని తుక్కు చేయించింది. ఎక్కువ భాగం ట్రక్కులూ, ఎస్‌యూవీలే. ఆయిలు తీసేసి, సోడియం సిలికేటు ద్రావణం పోసి, ఇంజను బిగుసుకుపోయేదాకా నడిపించారు. తక్కువ తాగే బళ్ళు రావాలన్నది మంచి ఉద్దేశమే, కాదనను. కానీ ఎవరో పాతికేళ్ళు వాడుకోగల ఇనుముని కావాలని గొంతు నులమడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నా బండి గాలనుకి 10 నుంచి 12 మైళ్ళిస్తుంది. టాంకు 42 గాలన్లు. కాలేజీలో పర్యావరణం చదువుతున్న మా అమ్మాయి దాన్ని "నాన్న పాపాల పుట్ట" అంటుంది. ఆఫీసుకి నేను తీసుకెళ్ళేది చిన్న హైబ్రిడ్ కారే. సబర్బన్ కదిలేది పడవ ఉన్నప్పుడో, ఎవరైనా స్నేహితుడు ఇల్లు మారుతున్నప్పుడో. ఈ లెక్క దానికి ఒప్పుకోలు కాలేదు. "అయితే అద్దెకి తెచ్చుకోవచ్చుగా?" అంటుంది. దానికి నా దగ్గర లెక్కతో చెప్పే జవాబు లేదు.

జార్జియాలో మాతో కలిపి 13 కౌంటీల్లో పెట్రోలు బళ్ళకి ఏటా పొగ పరీక్ష ఉంది. 8,500 పౌన్లు దాటిన బండికి అక్కర్లేదు. పాతికేళ్ళు నిండిన బండికీ అక్కర్లేదు. రెండు గీతలూ దాటిన నా సబర్బన్‌ని ఎవరూ ఏమీ అడగరు. కన్వర్టర్ తీసేస్తే ఇంకా గట్టిగా లాగుతుందని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. అది తీయడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, పరీక్ష ఉన్నా లేకపోయినా. కిందటేడు పాతది అరిగిపోతే కొత్తదే వేయించాను.