కొట్టంలో 48 గాలిమరలు

1992 సెప్టెంబరు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, మిచెల్ అనే చిన్న ఊరు. అక్కడ ఓ పెద్ద కొట్టం.

తలుపు దగ్గర ఇద్దరు. ఒకరు బిల్లీ వోల్ఫ్. మన పిల్లలు ఎమ్మెస్‌ చదవడానికి వెళ్లే లబ్బక్‌లోని టెక్సాస్ టెక్ యూనివర్సిటీలో గృహవిజ్ఞానం పాఠాలు చెప్పిన మేడమ్. రెండో ఆయన కోయ్ హారిస్, అదే ఊళ్లో ఇంజినీరింగ్ కంపెనీ నడిపే మనిషి. కొట్టంలో ఏదో గాలిమరల సరుకుందని, అమ్మకానికి రావచ్చని ఆమెకు పోస్టులో కబురొచ్చింది. రెండు రాష్ట్రాలు దాటి వచ్చారు.

లోపల 48 పాత చెక్క గాలిమరలు! వాటికి తోడు 171 ఇనప దిమ్మలు.

ముందు ఈ దిమ్మల సంగతి చెప్పాలి. గాలిమరకి మామూలుగా వెనక తోక ఉంటుంది. గాలి ఎటునుంచి వీస్తే చక్రాన్ని అటు తిప్పేది అదే. తోకలేని రకాలూ కొన్ని ఉండేవి. వాటికి ఒకవైపు చక్రం బరువు లాగుతుంటే, రెండోవైపు తక్కెడలో రాయి పెట్టినట్టు పోత ఇనుము దిమ్మ బిగించేవారు. వట్టి ఇనప ముద్ద వేలాడదీసినా సరిపోయేది. కానీ గాలిమరల కంపెనీల వాళ్లు దాన్ని గుర్రంగా, ఎద్దుగా, కోడిపుంజుగా పోత పోశారు. సంక్రాంతి వస్తే కోడిపుంజు తప్ప ఇంకోటి కనపడని మన గోదావరి వాళ్లకి ఈ ముచ్చట వేరే విప్పి చెప్పనక్కర్లేదు.

బిల్లీ వోల్ఫ్‌కి ఈ పిచ్చి ఆనాటిది కాదు. 1960ల నడిమి నుంచీ కారేసుకుని పల్లెలు తిరిగారు. ఎక్కడ పాత గాలిమర కనిపించినా ఆగడం, ఫొటో తీయడం, దాన్ని పడగొట్టొద్దని ఆ భూమి గలాయన్ని బతిమాలడం. పాత ఇనుము ధరకి మర తర్వాత మర పోతూనే ఉంది. ఉద్యోగం చెయ్యమన్నది కాదు, ఊరు అడిగింది కాదు. పాతికేళ్లకు పైగా అలా తిరిగాక దొరికిందీ కొట్టం.

చెక్క మరలే ఎందుకంత అరుదయ్యాయో చెప్పాలంటే ఇంకో వందేళ్లు వెనక్కి పోవాలి. 1854లో డేనియల్ హాలడే అనే మెకానిక్ గాలి ముదిరితే తనంతట తానే నెమ్మదించే మరను తయారుచేశాడు. రైలింజన్లకు నీళ్లు, పశువులకు నీళ్లు, ఇంటికి నీళ్లు అన్నీ అలాంటి చెక్క చక్రాలే తోడాయి. 1882-83లో థామస్ పెర్రీ అనే ఇంజినీరు చక్రాల మీద 5,000కు పైగా పరీక్షలు చేశాడు. వంపు తిప్పిన ఉక్కు రెక్కలు చెక్క రెక్కల కన్నా ఎంతో ఎక్కువ నీరు తోడతాయని తేల్చాడు. చెక్క మరలు అమ్ముకునే అతని కంపెనీకి ఆ మాట రుచించలేదు. పెర్రీ బయటికొచ్చి, లావర్న్ నోయెస్‌తో కలిసి 1888లో షికాగోలో ఏర్‌మోటర్ మొదలుపెట్టాడు. అక్కడినుంచి చెక్క పొయ్యిలోకీ, ఉక్కు పొలంలోకీ నడిచాయి.

1993 జూన్‌లో బిల్లీ బృందం ఒక సంస్థగా ఏర్పడి ఆ సరుకంతా కొనేసింది. ఆ తర్వాత నాలుగేళ్లు మరమ్మతులే.

ఆ మరమ్మతు ఎలాంటిదో చదివినకొద్దీ నాకు మన పడవల వడ్రంగులు గుర్తొచ్చారు. పుచ్చిన రెక్కను పారేయకూడదు. కొత్త రెక్కకు కొలత అదే. ఒక చక్రానికి పదులకొద్దీ పల్చటి పట్టీలు, ఒక్కోటీ ఒకే ఏటవాలులో కుదరాలి. ఒకటి బరువెక్కితే చక్రం ఊగుతుంది. ఊగిన చక్రం ఇరుసును తింటుంది. అరిగిన బేరింగుల్లో తగరమో సీసమో కలిసిన లోహాన్ని కరిగించి పోసి, చల్లారాక గీకి నునుపు చేయాలి. విరిగిన పోత ఇనుముకు కంపెనీ లేదు, విడిభాగం లేదు. ఆ భాగానికి చెక్కతో అచ్చు చేసి మళ్లీ పోత పోయించాల్సిందే.

ఇక టవర్. చూసేవాళ్లకి అదో నిచ్చెనలా ఉంటుంది గానీ, మర బతుకంతా దానిమీదే. నేలకు దగ్గరగా గాలి చెట్టుకీ కొట్టానికీ తగిలి సుళ్లు తిరుగుతుంది. చక్రం ఆ సుళ్లకు పైన ఉండాలి. లబ్బక్‌కి దగ్గర్లోనే, ఎక్స్‌ఐటీ అనే మహా పశువుల క్షేత్రంలో 1887లో లోయలో బావి తవ్వారు. లోయలోకి గాలి దిగదు కదా! 132 అడుగుల చెక్క టవర్ కట్టి చక్రాన్ని గాలి దగ్గరికి ఎక్కించారు. 1926లో ఆ గాలే దాన్ని పడగొట్టింది. 1969లో అక్కడి లిటిల్‌ఫీల్డ్ ఊరివాళ్లు 114 అడుగుల నమూనా కట్టి నిలబెట్టుకున్నారు.

మన రామచంద్రపురంలో కట్టాలంటేనో? కొబ్బరి మట్టల పైకి చక్రం పోవాలి, అంటే ఎనభై అడుగులకు తక్కువ కుదరదు. అసలు ఆ అవసరం మనకి రాలేదు. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ తనంతట తానే పల్లానికి పారింది. పారని మెరకలకి ఏతాం, గూడ. మద్రాసు ప్రెసిడెన్సీలో 1900ల తొలినాళ్లలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ గాలిమరతో నీళ్లు తోడించి చూశాడు. చివరికి ఆయన పట్టుకున్నది ఆయిల్ ఇంజినునే. ఆ ఇంజినే మన ఏతాన్నీ చుట్టచుట్టి చూరులో పెట్టించింది.

1997లో లబ్బక్‌లో 28 ఎకరాల్లో ఆ చెక్క మరల మ్యూజియానికి జాగా కుదిరింది. అదే ఏడాది బిల్లీ వోల్ఫ్ కన్నుమూశారు. ఆవిడ వెతికి తెచ్చిన చెక్క చక్రాలు ఇవాళ అక్కడే ఉన్నాయి. ఆవరణలో 660 కిలోవాట్ల కొత్తకాలపు గాలిమర కూడా నిలబడి ఉంది.

ఇంతకీ ఇది ఆదివారం పూట మీకు చెప్పడానికి కారణం ఒకటుంది. రామచంద్రపురం, ద్రాక్షారామం, కోటిపల్లి చుట్టుపక్కల మీ పశువుల పాక అటక మీద పాత ఏతాం దూలమో, గూడో, తాతగారి ఆయిల్ ఇంజిన్ చక్రమో ఉంటే, పాత ఇనుము సామాన్లవాడు వీధిలోకొచ్చి కేకేసినప్పుడు దాన్ని మాత్రం దింపకండి. ముందు ఒక ఫొటో తీసి, అది ఎవరి పొలంలో ఎన్నాళ్లు తోడిందో ఇంట్లో పెద్దవాళ్లనడిగి వెనకాల రాసి పెట్టండి.