అమృత్‌సర్ నుంచి ఆఖరి విమానం

ఇరవై ఏళ్ల కిందట పైలట్ లైసెన్స్ చేతికొచ్చిన కుర్రాణ్ని ఏ కంపెనీలో చేరతావని అడిగితే, తడుముకోకుండా జెట్ ఎయిర్‌వేస్ అనేవాడు. ఆ జవాబులో తప్పేమీ లేదు. 1993 మే 5న నాలుగు అద్దె బోయింగ్‌లతో మొదలైన సంస్థ అది. టైముకు కదిలే విమానాలు, మంచి జీతం, పేరు. 2005కల్లా లండన్ సర్వీసు, రెండేళ్లకు బోయింగ్ 777లు. కొడుకు 200 గంటల ఫ్లయింగ్ కోసం ఉన్నదంతా ఊడ్చిపెట్టిన తండ్రికి అంతకంటే ఏం కావాలి?

పైలట్‌కు కంపెనీ ఎంచుకోవడం మిగతా ఉద్యోగాల్లాంటిది కాదు. సీనియారిటీ లిస్టులో ఎన్నో నంబరు అన్నదాన్ని బట్టే రూటు, సెలవు, కమాండ్, పెద్ద విమానం. ఇంకో కంపెనీకి వెళితే ఆ నంబరు వెంట రాదు. బోయింగ్ 737 నడిపేవాడు ఎయిర్‌బస్ 320 ఎక్కాలంటే మళ్లీ క్లాసులు, సిమ్యులేటర్, పరీక్షలు. పైగా 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కమాండర్ల నోటీసు గడువును ఏడాదికి పెంచింది. మంచి రోజుల్లో చేరినవాళ్లు చెడ్డ రోజుల్లో కదల్లేకపోయింది ఇందుకే.

నా దృష్టిలో జెట్ పతనం 2007లోనే మొదలైంది, పోటీ సంస్థ ఎయిర్ సహారాను రూ.1,450 కోట్లకు కొన్న రోజున. ఆ భారం దిగకముందే ఇండిగో, స్పైస్‌జెట్ చవక టికెట్లతో మీదికొచ్చాయి. ఇంధనం ధర పెరిగింది, అప్పులూ పెరిగాయి. 2013లో 24 శాతం వాటా కొన్న అబుదాబి విమాన సంస్థ ఎతిహాద్ కూడా చివరికి గట్టెక్కించలేదు. 2018లో జీతాలు ఆలస్యమయ్యాయి, తర్వాత ముక్కలు ముక్కలుగా వచ్చాయి, 2019 జనవరి నుంచి పైలట్లకు అదీ లేదు. అద్దె బాకీలతో విమానాలు ఒక్కొక్కటే నేలకు దిగాయి. మార్చి 25న వ్యవస్థాపకుడు నరేశ్ గోయల్ బోర్డు నుంచి తప్పుకున్నారు.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి మూడు వారాలు. బాకీ తీర్చకపోతే ఏప్రిల్ 1 నుంచి ఎగరబోమని పైలట్ల సంఘం నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ అప్పటికే తీర్మానించింది. తీరా ఆ రోజు దగ్గరపడేసరికి, కంపెనీకి ఇంకో అవకాశం ఇద్దామని వాయిదా వేసుకుంది. భుజాన నాలుగు గీతల కమాండర్, ఇంటి ఈఎంఐ కట్టలేని నెలలో కూడా, తన వెనక కూర్చున్నవాళ్లను క్షేమంగా దించి వచ్చాడు. అంతటి విధేయతకు ఆ కంపెనీ తగదని అనడం తేలికే. వాళ్లు మాత్రం తమ పని తాము చేశారు.

ఏప్రిల్ 17న అత్యవసరంగా రూ.400 కోట్లు అడిగితే బ్యాంకులు ఇవ్వలేదు. ఆ రాత్రి అమృత్‌సర్ నుంచి ముంబైకి వెళ్లిన 9డబ్ల్యూ 2502 విమానంతో అంతా ఆగిపోయింది.

737 పైలట్లలో కొందరిని స్పైస్‌జెట్ తీసుకుంది. 777 నడిపినవాళ్లకు దేశంలో మిగిలిన తలుపు ఎయిరిండియా ఒక్కటే. 2021లో జెట్‌ను మళ్లీ నడిపేందుకు జలాన్-కల్‌రాక్ కూటమి ఇచ్చిన ప్రణాళికకు ఆమోదం దొరికితే మళ్లీ ఎగురుతామని ఆశపడ్డవాళ్లున్నారు. కానీ 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు లిక్విడేషన్‌కు ఆదేశించింది.

ఇవాళ దరఖాస్తు నింపుతున్న పిల్లలకు ఒక్క మాట. విమానం రంగును, యూనిఫాంను తర్వాత చూడండి. అక్కడి పైలట్లకు పోయిన ఏడాది జీతం ఏ తేదీన పడిందో ముందు అడగండి.