11 ఏళ్ళకే తలరాత తేల్చేసిన పరీక్ష: ఇంగ్లండ్ ఎలెవెన్ ప్లస్ కథ

ఇవాళ ఒక పరీక్ష కథ చెప్పుకుందాం. ఎంసెట్ కాదు, జేఈఈ కాదు. ఇది రాసేది 10, 11 ఏళ్ళ పిల్లలు. పిల్లాడు 15 ఏళ్ళకే చదువు ఆపి పనిలో చేరతాడా, యూనివర్సిటీ దాకా వెళ్తాడా అన్నది చాలావరకు ఈ ఒక్క పరీక్షే తేల్చేసేది. పేరు ఎలెవెన్ ప్లస్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా ఇంగ్లండ్, వేల్స్‌లో ఇదే నడిచింది.

దీని గురించి మాట్లాడితే అందరూ "అసలు తెలివిని కొలవొచ్చా?" అని వాదించుకుంటారు. ఇవాళ మనం ఇంకో ప్రశ్న వేద్దాం. ఇందులో పాస్ మార్కు దేన్ని బట్టి పెట్టేవాళ్ళు? అసలు విషయమంతా అక్కడే ఉంది.

ముందు పారిస్ వెళ్దాం. 1905లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సైమన్ కలిసి మొదటి తెలివి పరీక్ష తయారుచేశారు. ఎందుకో తెలుసా? క్లాసులో వెనకబడుతున్న పిల్లల్ని గుర్తించి, వాళ్ళకి ప్రత్యేకంగా చదువు చెప్పడానికి. తెలివి పుట్టుకతో ఫిక్స్ అయిపోతుంది, ఇక పెరగదు అనేవాళ్ళతో బినే గట్టిగా విభేదించాడు కూడా.

ఇంగ్లండ్‌లో కూడా మొదట్లో ఉద్దేశం మంచిదే. 1921లో గాడ్‌ఫ్రీ థామ్సన్ అనే ప్రొఫెసర్ నార్తంబర్లాండ్ జిల్లా కోసం ఒక పరీక్ష తయారుచేశాడు. పల్లెటూరి బడుల్లో ఎవరూ పట్టించుకోని చురుకైన పిల్లల్ని వెతికి పట్టుకోవడమే దాని పని.

కథ మలుపు తిరిగింది సిరిల్ బర్ట్ లాంటి వాళ్ళ మాటకి బలం పెరిగాక. ఈయన 1913లోనే లండన్ కౌంటీ కౌన్సిల్‌లో సైకాలజిస్ట్‌గా చేరాడు. తెలివి ఎక్కువగా వంశం నుంచే వస్తుందని, 11 ఏళ్ళకల్లా దాన్ని బాగానే కొలవొచ్చని ఈయన వాదన. ప్రభుత్వ కమిటీలు ఈయన సలహాలు తీసుకున్నాయి. 1943లో నార్వుడ్ రిపోర్ట్ ఇంకో అడుగు ముందుకేసి, పిల్లల మనసులు మూడు రకాలని తేల్చేసింది. పుస్తకాల రకం, యంత్రాల రకం, చేతి పనుల రకం. దీనికి రుజువేంటి అంటే, ఏమీ లేదు!

1944లో కొత్త విద్యా చట్టం వచ్చింది. ఇందులో నిజంగా గొప్ప విషయం ఉంది. ప్రభుత్వ సెకండరీ స్కూళ్ళలో ఫీజులు ఎత్తేశారు. డబ్బుల్లేని ఇంటి పిల్లలకి కూడా మంచి గ్రామర్ స్కూల్ తలుపు తెరుచుకుంది, వేలమంది ఆ మెట్లెక్కి పైకొచ్చారు. అది కాదనలేం. ఈ చట్టంలో ఎక్కడా మూడు రకాల స్కూళ్ళు పెట్టాలని లేదు. దాన్ని అలా అమలు చేసింది మంత్రిత్వ శాఖ, స్థానిక కౌన్సిళ్ళు.

మూడు రకాలన్నారు గానీ, టెక్నికల్ స్కూళ్ళు చాలా తక్కువే కట్టారు. అంటే మిగిలింది రెండే. సుమారు ఐదుగురిలో ఒకరికి గ్రామర్ స్కూల్, మిగతావాళ్ళలో చాలామందికి సెకండరీ మోడర్న్. అన్నీ సమానమే అని పైకి చెప్పారు. కానీ సెకండరీ మోడర్న్‌లో చాలామంది ఒక్క పబ్లిక్ పరీక్ష కూడా రాయకుండానే 15 ఏళ్ళకి బయటికి వచ్చేసేవాళ్ళు.

ఇప్పుడు మన ప్రశ్నకి వద్దాం. గ్రామర్ స్కూల్ సీట్లు కొన్ని చోట్ల 10 శాతం పిల్లలకే ఉండేవి. వేల్స్‌లో కొన్ని జిల్లాల్లో 40 శాతం పైన. అంటే అదే పిల్లాడు, అదే మార్కులు. ఒక ఊళ్ళో "తెలివైనవాడు", ఇంకో ఊళ్ళో "ఫెయిల్". పిల్లాడి బుర్ర మారలేదు, అడ్రస్ మారింది అంతే.

అమ్మాయిల సంగతి ఇంకా దారుణం. ఆ వయసులో చాలా చోట్ల వాళ్ళకే ఎక్కువ మార్కులొచ్చేవి. మరి సీట్లు? అందుకని అమ్మాయిలకి కటాఫ్ పెంచారు! బర్మింగ్‌హామ్‌లో అబ్బాయిలకి సుమారు 540 గ్రామర్ సీట్లుంటే, అమ్మాయిలకి 360. కేసు పైదాకా వెళ్ళి, ఇది వివక్షేనని 1989లో తీర్పు వచ్చింది. ఈ పరీక్ష కొలిచింది తెలివినే అయితే, ఒకే మార్కుకి రెండు రిజల్ట్స్ ఎలా వస్తాయి?

కోచింగ్ పనిచేయదన్న మాటా నిలబడలేదు. కాస్త ప్రాక్టీస్ చేయిస్తే స్కోరు బాగానే పెరుగుతుందని 1950ల్లో ఫిలిప్ వెర్నన్ చూపించాడు. 1957లో ఇంకో అధ్యయనం, ఎంత జాగ్రత్తగా ఎంపిక చేసినా సుమారు పదిమందిలో ఒకరు తప్పు స్కూల్‌కి వెళ్తున్నారని లెక్కేసింది. తర్వాత స్కూల్ మారే అవకాశం ఉండేది, కానీ మారినవాళ్ళు చాలా తక్కువ.

మరి బర్ట్? విడివిడిగా పెరిగిన కవలల ఐక్యూల మీద ఈయన పేపర్లు రాశాడు. 1955లో 21 జంటలు, 1966కి 53 జంటలు. ఐక్యూల మధ్య పోలిక మాత్రం రెండుసార్లూ 0.771. డేటా రెండింతలు దాటినా మూడో దశాంశం కదల్లేదంటే, ఏ డేటా ఇంజినీర్‌కైనా డౌట్ రావాలి కదా? 1974లో లియోన్ కామిన్ దీన్ని బయటపెట్టాడు. మోసమా, అజాగ్రత్తా అన్న వాదన ఆ తర్వాత చాలాకాలం నడిచింది. ఎలెవెన్ ప్లస్ ఈ పేపర్ల కంటే ముందే మొదలైందన్నది నిజమే. కానీ "పుట్టుకతో వచ్చేదే, కొలిస్తే తప్పేంటి" అన్న ధైర్యం ఇచ్చినవాళ్ళలో ఈయన పెద్ద పేరు.

చివరికి మార్పు తెచ్చింది తల్లిదండ్రుల కోపం. 1965లో మంత్రి ఆంథనీ క్రాస్‌లాండ్, అందరికీ ఒకే రకం స్కూళ్ళు పెట్టమని కౌన్సిళ్ళని కోరాడు. తమాషా ఏంటంటే, విద్యా మంత్రిగా ఇలాంటి స్కూళ్ళకి అందరికంటే ఎక్కువగా అనుమతులిచ్చింది మార్గరెట్ థాచర్! ఎలెవెన్ ప్లస్ ఫెయిలైన జాన్ ప్రెస్కాట్ 1997లో బ్రిటన్ ఉప ప్రధాని అయ్యాడు. అందరికీ అలా జరగలేదు.

ఇప్పటికీ ఇంగ్లండ్‌లో 163 గ్రామర్ స్కూళ్ళున్నాయి. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళలో కూడా కొందరు పిల్లల్ని దీనికి కోచింగ్‌కి పంపుతున్నారు. వాళ్ళని తప్పు పట్టలేం, సీట్లు తక్కువైతే పోటీ ఉంటుంది. కానీ సీట్లు లేకపోవడం ఒకటి, పిల్లాడికి తెలివి లేకపోవడం ఇంకొకటి. ఎలెవెన్ ప్లస్ చేసిన అసలు అన్యాయం ఏంటంటే, "మా దగ్గర సీట్లు లేవు" అని చెప్పాల్సిన చోట "నీకు తెలివి లేదు" అని చెప్పింది. 11 ఏళ్ళ పిల్లలు అది నిజమని నమ్మేశారు.

కాబట్టి ఈసారి ఎవరైనా కటాఫ్ చూపించి ఒక పిల్లాడి మీద ముద్ర వేస్తే, ఒక్క మాట అడగండి. సీట్లు ఎన్ని?

మీరేమనుకుంటున్నారో కామెంట్లో రాయండి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!